"లైన్" అంటే తెలుగులో ఏమని రాయాలి? కరపత్రం చేస్తూ మధ్యలో ఆగిపోయాను

నల్లగొండ డీటీపీ
అందరికీ నమస్తే. నల్లగొండలో క్లాక్ టవర్‌కు దగ్గర్లో నాకు చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, కరపత్రాలు చేస్తుంటాను. మొన్న కొందరు రైతులు కలిసి వచ్చి కరెంటు జాగ్రత్తల గురించి ఇంగ్లిష్‌లో ఉన్న రెండు పేజీల కాగితం ఇచ్చారు, దీన్ని తెలుగు చేసి వెయ్యి కాపీలు కొట్టివ్వు అక్కా, శుక్రవారం పంచాలి అన్నారు. సరే అని తీసుకున్నాను. ఫోన్‌లో పెట్టి అనువాదం చేయిస్తే వచ్చింది చూసి నాకు చెమటలు పట్టాయి. "డెడ్ లైన్" అన్నచోట "గడువు" అని వచ్చింది. "లైవ్ లైన్" అంటే "ప్రత్యక్ష ప్రసార పంక్తి" అట. ఒక వాక్యం మొత్తం కలిపి చదివితే "ప్రతి గడువునూ ప్రత్యక్ష ప్రసారంగా భావించండి" అని ఉంది! అసలు వాక్యం ఏమిటంటే, కరెంటు తీసేసిన లైన్‌లో కూడా కరెంటు ఉన్నట్టే జాగ్రత్తగా ఉండండి అని.

కూర్చుని లెక్కపెట్టాను. ఆ రెండు పేజీల్లో "లైన్" అనే మాట 31 సార్లు ఉంది. ఒకచోట తీగ, ఒకచోట గీత, ఒకచోట వరుస, ఇంకొకచోట ఫోన్ లైన్. "లైన్ క్లియర్" అని నాలుగుసార్లు ఉంది, అది నాకు అసలు తెలియడం లేదు. రోడ్డు క్లియర్ అన్నట్టా? ఇది చదివి ఎవరైనా స్తంభం ఎక్కితే ఆ పాపం నాదే అవుతుంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

దేవరకొండ టీచర్
చెల్లె, ముందు ఆగి అడిగావు, అదే పెద్ద పని. చాలామంది ఫోన్ ఇచ్చింది ఇచ్చినట్టు కొట్టేస్తున్నారు.

ఇంగ్లిష్‌లో ఎంత చిన్న మాటైతే అంత ఎక్కువ అర్థాలు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 కూర్పులో "సెట్" అనే ఒక్క క్రియకే 430 అర్థాలు ఇచ్చారు. "లైన్" కూడా ఆ జాతిదే. నేను ఆరో తరగతికి ఇంగ్లిష్ చెప్తాను, మా బడికి తండాల నుంచి వచ్చే పిల్లలు ఎక్కువ, వాళ్లకు ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. ఒకరోజు ఒక పాపను "రీడ్ ద ఫస్ట్ లైన్" అన్నాను. నోటు బుక్కు తీసి పైన అచ్చుకొట్టి ఉన్న ఎర్ర గీత మీద వేలు పెట్టి నా వైపు చూసింది. పొద్దున ప్రార్థనలో లైన్‌లో నిలబడమంటాం, లెక్కల సార్ లైన్ గీయమంటాడు, నేనేమో లైన్ చదవమంటున్నాను. ఆ పాప తప్పేం లేదు. ఆ రోజు నుంచి నేను వరుస, గీత, వాక్యం అని విడివిడిగా తెలుగులో చెప్పాకే ఇంగ్లిష్ మాట చెప్తున్నాను.

కరెంటు సంగతి మాత్రం ఆ పని చేసేవాళ్లను అడగాలి. నాలాంటివాళ్లు నిఘంటువు చూసి చెప్పకూడదు.

లైన్‌మన్ బిడ్డ
అక్కా, దయచేసి "లైన్ క్లియర్" అన్న మాటను తెలుగు చేయొద్దు. అలాగే ఉంచండి. మా నాయిన 27 ఏళ్లు లైన్‌మన్‌గా చేసి రిటైర్ అయ్యాడు, మాది నాగార్జునసాగర్ వైపు. మా ఇంట్లో అన్నం, నీళ్లు ఎట్లాగో ఎల్‌సీ అనే మాట అట్లాగే.

ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. స్తంభం ఎక్కాలంటే ముందు సబ్‌స్టేషన్‌లో ఉన్న ఆపరేటర్‌ను అడగాలి. ఆయన ఆ ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి అటు కరెంటు పంపే లైన్, బంద్ చేసి, ఎవరు ఏ లైన్ మీద ఎన్ని గంటలకు అడిగారో పుస్తకంలో రాసుకుని, ఎల్‌సీ ఇచ్చాను అంటాడు. పని అయ్యాక ఎవరు తీసుకున్నారో వాళ్లే తిరిగి ఇవ్వాలి, ఇంకొకరు ఫోన్ చేసి అయిపోయింది అంటే ఒప్పుకోకూడదు. ఎల్‌సీ చేతికి వచ్చినా మా నాయిన వెంటనే తీగ ముట్టుకోడు. టెస్టర్‌తో చూస్తాడు, పొరపాటున కరెంటు వచ్చినా నేలలోకి దిగిపోయేలా ఎర్త్ రాడ్లు తగిలిస్తాడు, ఆ తర్వాతే చెయ్యి పెడతాడు.

కాబట్టి ఆ మాటకు అర్థం "దారి స్పష్టంగా ఉంది" కాదు. "ఈ లైన్‌కు కరెంటు తీసేశాం, మేము చెప్పేదాకా ఇవ్వం, నువ్వు పని చేసుకోవచ్చు" అని. ఇంత అర్థం ఆ రెండు మాటల్లో ఉంది.

రిటైర్డ్ స్టేషన్ మాస్టర్
ఈ చర్చ చూసి ఉండబట్టలేక రాస్తున్నాను. లైన్ క్లియర్ అనేది మా మాట కూడా. నేను రైల్వేలో 34 సంవత్సరాలు పనిచేశాను, అందులో కొన్నేళ్లు నడికుడి లైన్ మీద. నల్లగొండ నుంచి మిర్యాలగూడ వైపు బండి వదలాలంటే ముందున్న స్టేషన్‌ను లైన్ క్లియర్ అడగాలి. అక్కడి మాస్టరు తన వైపు పట్టా ఖాళీగా ఉందని, ముందు వెళ్లిన బండి పూర్తిగా వచ్చేసిందని చూసుకుని లైన్ క్లియర్ ఇస్తాడు. ఫోన్ మీద ఇచ్చేటప్పుడు ప్రైవేట్ నంబరు, అంటే తానే ఇచ్చాడనడానికి గుర్తుగా ఒక రహస్య అంకె కూడా చెప్తాడు, దాన్ని రిజిస్టర్‌లో రాసుకుంటాం. వెనకటి రోజుల్లో సింగిల్ లైన్ మీద ఇనుప గోళం ఉండేది, టోకెన్ అంటాం. ఆ గోళాన్ని తోలు సంచిలో పెట్టి, పేము చుట్టకు తగిలించి డ్రైవర్‌కు అందిస్తే, అది చేతిలో ఉంటేనే బండి కదిలేది. రెండు స్టేషన్ల మధ్య ఒకేసారి ఒక్క గోళమే బయటికి వస్తుంది కాబట్టి ఎదురుగా ఇంకో బండి రావడానికి వీలుండదు.

ఇప్పుడు గమనించండి. మా దగ్గర లైన్ క్లియర్ ఇచ్చారంటే బండి వస్తుందని అర్థం. పట్టా మీద ఎవరూ ఉండకూడదు. కరెంటు వాళ్ల దగ్గర లైన్ క్లియర్ ఇచ్చారంటే కరెంటు రాదని అర్థం. తీగ మీద మనిషి ఉంటాడు. అవే రెండు మాటలు, పూర్తిగా తలకిందులు. మా కాలనీలో నా పక్కింటాయన విద్యుత్ శాఖలో చేసేవాడు, ఇద్దరం ఏళ్ల తరబడి ఆ మాట వాడుకుంటూ, ఈ తేడా ఉందని ఒకరికొకరం చెప్పుకున్నది రిటైర్ అయ్యాకే.

నల్లగొండ డీటీపీ
సార్, ఇది చదివి కాసేపు నోట మాట రాలేదు. ఒకే ఊళ్లో, ఒకే మాట, ఒకరికి బండి వస్తుందని, ఇంకొకరికి కరెంటు రాదని. నేనేమో "దారి ఖాళీగా ఉంది" అని వేయబోయాను.

లైన్‌మన్ బిడ్డ
స్టేషన్ మాస్టర్ గారూ, మీరు చెప్పింది మా ఇంట్లో జరిగినదానికి దగ్గరగా ఉంది, అందుకే రాస్తున్నాను. నేను అప్పుడు తొమ్మిదో తరగతి. వానాకాలం, చెట్టు కొమ్మ విరిగి 11 కేవీ తీగల మీద పడింది. మా నాయిన ఎల్‌సీ తీసుకుని స్తంభం ఎక్కాడు. కింద కొమ్మలు కొట్టడానికి వచ్చిన కొత్త పిల్లగాడు ఉన్నాడు, కాంట్రాక్టు మీద. కొమ్మలన్నీ తీసేశాక వాడు తన మేస్త్రీకి ఫోన్ చేసి "లైన్ క్లియర్ అన్నా" అన్నాడు. కొమ్మలు తీసేశాం, లైన్ మీద ఏమీ లేదు అని వాడి ఉద్దేశం. ఆ మాట ఇద్దరు ముగ్గురి నోళ్లు దాటి సబ్‌స్టేషన్‌కు చేరేసరికి పని అయిపోయింది, ఎల్‌సీ వాపస్ అన్నట్టు వినిపించింది. కరెంటు ఇచ్చేశారు.

మా నాయిన ఎర్త్ రాడ్లు వేసి ఉన్నాడు కాబట్టి కరెంటు నేలలోకి దిగింది, సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ కొట్టేసింది. పెద్ద శబ్దం, ఒక మెరుపు. నాయిన బెల్టుకు వేలాడుతూ ఉండిపోయాడు, చేతి వెంట్రుకలు కాలాయి, అంతే. ఇంటికి వచ్చి మా అమ్మతో ఏమీ చెప్పలేదు, నీళ్లు పోసుకుని అన్నం తిని పడుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత ఎవరో చెప్తే తెలిసింది. ఆ పిల్లగాడిని నాయిన ఒక్క మాట అనలేదు. వాడికి ఆ మాటకు ఉన్న అర్థం ఎవరూ చెప్పలేదు కదా అన్నాడు.

అందుకే అంటున్నాను అక్కా, ఆ మాట ఉన్నచోటల్లా పక్కన వివరంగా రాయండి. ఖాళీ లేకపోతే అక్షరాలు చిన్నవి చేయండి కానీ వివరం తీయొద్దు.

సూర్యాపేట సిస్టర్
ఇది చదువుతుంటే ఒళ్లు జలదరించింది తమ్ముడూ. మీ నాయిన బాగున్నందుకు సంతోషం.

మా హాస్పిటల్లో లైన్ అంటే చేతికి పెట్టే సూది గొట్టం. "లైన్ పెట్టు", "లైన్ బ్లాక్ అయింది", "లైన్ పోయింది, ఇంకో చేతికి పెట్టాలి" అని రోజంతా అంటూనే ఉంటాం. ఒక రాత్రి డ్యూటీలో ఓ అవ్వ మనవడికి జ్వరం, డ్రిప్ నడుస్తోంది. నేను లోపలికి వచ్చి చూసి "లైన్ పోయింది" అన్నాను. అవ్వ ఒక్కసారిగా లేచి పైకి చూసింది, ట్యూబ్‌లైట్ వెలుగుతూనే ఉంది. కరెంటు ఉంది గదా బిడ్డా, ఇంక పోయిందేంది అని ఏడుపు మొదలుపెట్టింది. పిల్లాడికి ఏదో అయిందనుకుంది. నేను పక్కన కూర్చుని పిల్లాడి చెయ్యి చూపించి, ఇదిగో ఈ గొట్టంలోంచి మందు పోవడం లేదు, ఇంకో చేతికి మారుస్తాను, ఇంతే అని చెప్పాక ఊపిరి పీల్చుకుంది.

ఇంకోటి ఉంది. టీబీ మందుల్లో "ఫస్ట్ లైన్" అంటే మొదట వాడాల్సిన మందులు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ లాంటివి. వాటికి లొంగకపోతే "సెకండ్ లైన్". ఒకాయన నాకు ఫస్ట్ లైన్ మందులే ఇస్తున్నారు, సెకండ్ లైన్ ఇంకా బలమైనవి అంటగదా, అవి రాయించండి అని పట్టుబట్టాడు. వరుసలో రెండోది అంటే మెరుగైనది కాదు, మొదటిది పనిచేయకపోతేనే వాడేది అని చెప్పడానికి అరగంట పట్టింది. మొదటి విడత మందులు సరిగ్గా, ఒక్క రోజు మానకుండా వేసుకుంటే చాలామందికి రెండో దాని అవసరమే రాదు.

కోదాడ డ్రైవర్
మాకు లైన్ అంటే రోడ్డు. హైదరాబాద్ విజయవాడ 65 నంబర్ హైవే, నాలుగు లైన్ల రోడ్డు. లైన్ మారేటప్పుడు ఇండికేటర్ వేయాలి.

దేవరకొండ టీచర్
అన్నా, అది నిజానికి లైన్ కాదు, లేన్. ఇంగ్లిష్‌లో అవి రెండు వేర్వేరు మాటలు, పుట్టుక కూడా వేరు. లేన్ అంటే సందు, సన్న దారి. రోడ్డు మీద తెల్ల గీతలు గీసి దారులుగా విడదీస్తారు కదా, గీతేమో లైన్, గీతల మధ్య దారేమో లేన్. మన నోట్లో రెండూ కలిసి లైన్ అయిపోయాయి. పత్రికలవాళ్లు "నాలుగు వరుసల రహదారి" అని రాస్తారు, అది చక్కగా ఉంది.

కోదాడ డ్రైవర్
20 ఏళ్ల నుంచి బండి నడుపుతున్నా, ఈ సంగతి ఇవాళే తెలిసింది. థ్యాంక్స్ మేడం. మేము లైన్ అనే అంటాం, అట్లా అంటేనే పక్క డ్రైవర్‌కు తెలుస్తది.

గుంటూరు కోడలు
నాది పుట్టినిల్లు హాలియా, మెట్టినిల్లు గుంటూరు. ఇక్కడ లైన్ అంటే వీధి. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో ఒకటో లైన్, రెండో లైన్, నాలుగో లైన్ అనే చెప్తారు. పెళ్లైన కొత్తలో మా మామయ్య నాలుగో లైన్‌లో మందుల షాపు ఉంది, వెళ్లి రా అమ్మా అంటే, షాపుల్లో నాలుగో వరుస అనుకుని ఒకటే వీధిలో అటూ ఇటూ తిరిగాను.

పుట్టపాక మగ్గం
చేనేత వాణ్ని. ఎవరూ చెప్పలేదు కాబట్టి అడుగుతున్నా, ఈ లైన్ అనే మాట మొదట ఎక్కణ్నుంచి వచ్చింది? మా దగ్గర గీత అంటే వేరే సంగతి. చిటికి పనిలో నూలును ముందే కట్లు కట్టి రంగులో ముంచుతాం. అంటే చీర మీద కనబడే గీత నేసేటప్పుడు పుట్టదు, ఆసు అనే చట్రం మీద దారం చుట్టి గుర్తు పెట్టినప్పుడే పుడుతుంది. పడుగులో, అంటే మగ్గం మీద నిలువుగా సాగే దారాల్లో, ఒక దారం వెంట్రుక వాసి జరిగినా గీత పళ్లు పళ్లుగా కనబడుతుంది. మా తేలియా రుమాలుకు 2020లో జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతపు సరుకు అనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ రుమాలులో గీతలన్నీ అట్లా దారంలోంచి వచ్చినవే. అందుకే నాకు గీత అంటే దారమే అనిపిస్తుంది.

దేవరకొండ టీచర్
అన్నా, మీరు తెలియక అడిగినా సరిగ్గా అక్కడికే వచ్చారు. లైన్ అంటే మొదట దారమే. లాటిన్‌లో లినుమ్ అంటే అవిసె మొక్క. దాని నార తీసి వడికిన దారాన్ని లినియా అన్నారు. ఆ దారమే లైన్ అయింది. సాగదీసి పట్టుకున్న దారం తిన్నగా ఉంటుంది కాబట్టి తిన్నగా ఉన్న ప్రతిదీ లైన్ అయింది, గీత, వరుస, తీగ, దారి, సరిహద్దు అన్నీ. అదే అవిసె నారతో నేసిన బట్ట లినెన్. అవిసె గింజ లిన్సీడ్, మనం హార్డ్‌వేర్ షాపులో పెయింట్‌లో కలపడానికి కొనే లిన్సీడ్ నూనె కూడా అదే మొక్కది. మన ఇళ్లల్లో కారప్పొడి చేసుకునే అవిసెలకు, కరెంటు లైన్‌కు చుట్టరికం ఉందంటే నాకైతే ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

మిర్యాలగూడ టైలర్
అయితే మా లైనింగ్ కూడా ఆ ఇంటిదేనా మేడం? జాకెట్‌కు లోపల వేసే బట్ట?

దేవరకొండ టీచర్
అవును. వెనకట అక్కడి దుస్తులకు లోపల లినెన్ బట్ట వేసేవారు, దాన్ని బట్టి లైనింగ్ అనే మాట వచ్చింది.

మిర్యాలగూడ టైలర్
మా పనిలో ఇంకో లైన్ ఉంది, ఎవరికీ తెలియదు. గుండీల సైజు. చొక్కా గుండీ అంటే 18 లైన్, కోటుకు వేసేది పెద్దది, 24, 32 లైన్. హోల్‌సేల్ షాపుకెళ్లి "పద్దెనిమిది లైన్ తెల్లవి ఒక గ్రోసు" అంటే ఇచ్చేస్తాడు. అంగుళంలో 40వ వంతు ఒక లైన్. 18 లైన్ అంటే దాదాపు పదకొండున్నర మిల్లీమీటర్లు. మా గురువు దగ్గర పని నేర్చుకునేటప్పుడు 18 గుండీలు అనుకుని లెక్కపెట్టి తెచ్చాను, ఆయన ఏమీ అనకుండా టేపు తీసి గుండీ మీద పెట్టి చూపించాడు. ఆ టేపు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

పాలమూరు మేస్త్రి
మాది అచ్చంపేట పక్కన. బొంబాయి, పూణె, బెంగళూరు అన్ని చోట్లా గోడలు కట్టొచ్చాను. మాకు లైన్ అంటే ఇప్పటికీ దారమే, ఇంగ్లిష్ పుట్టినప్పటి అర్థం మా దగ్గరే మిగిలిందన్నమాట. లైన్‌దోరీ అంటాం. గోడకు ఆ కొసన ఒక మొల, ఈ కొసన ఒక మొల, మధ్యలో దారం బిగించి దానికి ఆనకుండా ఇటుక పెట్టుకుంటూ పోవాలి. కొత్తవాళ్లు ఇటుకను దారానికి ఆనిస్తారు, ఆనితే దారం బయటికి జరుగుతుంది, గోడ పొట్ట వస్తుంది. దారానికి, ఇటుకకు మధ్య వెలుగు కనబడాలి, సన్నగా. మా పెద్దమేస్త్రి వంగి ఒక కన్ను మూసి ఆ వెలుగు చూసేవాడు.

ఇంకోటి. చువ్వలు కొనేటప్పుడు సూత్‌ల లెక్క చెప్తాం. అంగుళానికి ఎనిమిది సూత్‌లు. మూడు సూత్‌ల చువ్వ అంటే దాదాపు పది మిల్లీమీటర్లు. సూత్ అంటే కూడా దారమే కదా? టైలరన్న చెప్పిన లైన్ కొలత, మా సూత్ కొలత ఒకలాగే ఉన్నాయి.

దేవరకొండ టీచర్
అవును అన్నా, సూత్ అనేది సంస్కృతం సూత్రం నుంచే. సూత్రం అంటే దారం. దారం నుంచి మంగళసూత్రం, దారం పట్టినవాడు సూత్రధారి, లెక్కల సూత్రం, నియమం అన్నీ వచ్చాయి. అక్కడ అవిసె దారం కొలతైంది, "గైడ్‌లైన్" అని నియమమైంది, ఇక్కడ మన దారం కూడా కొలతైంది, నియమమైంది. ఒకరిని చూసి ఒకరు చేసింది కాదు. దారం పట్టుకుని పని చేసే మనిషికి ఎక్కడైనా అదే తోచింది.

వనపర్తి గ్రూప్స్
పరీక్షకు చదువుతున్నవాళ్లకు ఇది బాగా ఉపయోగం. దేశాల మధ్య గీసిన హద్దులు చూడండి, రాడ్‌క్లిఫ్ లైన్ 1947, మెక్‌మహన్ లైన్ 1914, డ్యూరాండ్ లైన్ 1893, సిమ్లా ఒప్పందంతో 1972లో నియంత్రణ రేఖ. ఇక్కడ లైన్ రేఖే, కానీ ఆ రేఖకు రెండు వైపులా ఊళ్లు చీలిపోయాయి. బీపీఎల్‌లో ఎల్ కూడా లైనే, దారిద్య్ర రేఖ. కలెక్టరేట్‌లో "లైన్ డిపార్ట్‌మెంట్లు" అంటే వ్యవసాయం, ఆరోగ్యం, నీటిపారుదల లాంటి నేరుగా జనానికి పనులు చేసిపెట్టే శాఖలు, కరెంటు శాఖ కాదు.

అక్క మొదట్లో అడిగిన డెడ్‌లైన్ సంగతి కూడా ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో, ఆండర్సన్‌విల్ అనే ఖైదీల శిబిరంలో గోడకు లోపల ఒక హద్దు పెట్టారు. ఖైదీ అది దాటితే కాపలావాడు కాల్చేసేవాడు. దాన్ని డెడ్‌లైన్ అన్నారు. గడువు అనే అర్థం తర్వాత పత్రికల వాళ్ల దగ్గర, 20వ శతాబ్దం మొదట్లో వచ్చింది. అంటే అక్క దగ్గరున్న కాగితంలో డెడ్ లైన్ రెండు మాటలు, కరెంటు లేని తీగ. కలిపి రాస్తే గడువు. మధ్యలో ఒక్క ఖాళీ తేడా.

గద్వాల్ కుర్రాడు
అసలైంది మరిచిపోయారు, కాలేజీలో అమ్మాయికి లైన్ వేయడం.

సూర్యాపేట సిస్టర్
తమ్ముడూ, ఆ అర్థం ఉన్న మాట నిజమే, కానీ అదేదో సరదా మాట అని నువ్వు అనుకుంటున్నావు. బస్టాండు నుంచి కాలేజీ దాకా వెనకాల నడిచి వచ్చేవాళ్లను తప్పించుకుంటూ రెండేళ్లు చదివాను నేను. వాళ్లు దాన్ని లైన్ వేయడం అనేవాళ్లు. మాకు అది భయం. ఆ మాట రాసేటప్పుడు ఆ వైపు నుంచి కూడా ఆలోచించు.

గద్వాల్ కుర్రాడు
సారీ అక్కా. మా చెల్లె కూడా బస్సులోనే కాలేజీకి పోతది.

రిటైర్డ్ స్టేషన్ మాస్టర్
మన మాటల్లో కూడా ఇలాంటిది ఒకటి ఉంది, బంతి. పెళ్లిలో తొలి బంతి లేచింది, రెండో బంతి కూర్చుంది అంటాం, అది పంక్తి నుంచి వచ్చింది, వరుస. కళ్లంలో పశువులను వరుసగా కట్టి వడ్లు తొక్కించడాన్ని మా చిన్నప్పుడు బంతి కట్టడం అనేవాళ్లు. పిల్లలు ఆడేదీ బంతే, బతుకమ్మలో పేర్చేదీ బంతే. బయటి వాడెవడైనా "బంతి లేచింది" అన్న వాక్యాన్ని ఫోన్‌లో అనువాదం చేస్తే ఆడే బంతి ఎగిరిందని వస్తుంది. మనకు మాత్రం ఆకులు ఎత్తుతున్నారు, జరిగి కూర్చో అని వెంటనే తెలుస్తుంది. పక్కన అన్నం వాసన ఉంటుంది కాబట్టి.

నల్లగొండ డీటీపీ
అందరికీ చేతులెత్తి దండం. రాత్రి కూర్చుని మొత్తం మళ్లీ రాశాను. 31 చోట్ల ఒక్కో చోటా అది తీగా, వరుసా, ఫోనా అని పెన్సిల్‌తో రాసుకుని మార్చాను. అసలైన వాక్యం ఇలా రాశాను, చూడండి:

"సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకుని, అంటే ఆ లైన్‌కు కరెంటు బంద్ చేయించి, తీగను ఎర్త్ చేసేదాకా ఏ లైన్‌లో అయినా కరెంటు ఉన్నట్టే భావించండి."

లైన్‌మన్ బిడ్డా, మీ నాయినకు ఒకసారి చదివి వినిపిస్తారా?

లైన్‌మన్ బిడ్డ
పొద్దున్నే చదివి వినిపించాను అక్కా. రెండుసార్లు చదవమన్నాడు. తర్వాత ఎవరికి పంచుతున్నారు ఇది అని అడిగాడు. రైతులకు అన్నాను. అయితే ఆ వాక్యం తీసేయమను అన్నాడు.

తెలుగు తప్పు లేదట. కానీ ఆ కాగితం అసలు లైన్‌మన్‌ల కోసం రాసింది. రైతుకు ఎల్‌సీ ఇవ్వరు, రైతు తీసుకోకూడదు. "ఎల్‌సీ తీసుకునేదాకా" అని రాస్తే, తెలిసిన ఆపరేటర్‌కు ఫోన్ చేసి బంద్ చేయమని చెప్పి స్తంభం ఎక్కొచ్చు అని చదివినవాడికి అనిపిస్తుంది. అట్లా ఎక్కినవాళ్లను, దించినవాళ్లను నేను చూశాను అన్నాడు. నీళ్లు అందక పొలం ఎండిపోతుంటే, రాత్రిపూట ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫీజు కొట్టేస్తే, రైతు ఆగడు, ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఆపే ఏబీ స్విచ్ కిందికి లాగి ఎక్కేస్తాడు. ఆ స్విచ్‌లో మూడు బ్లేడ్లు ఉంటాయి, రెండు ఊడి ఒకటి అతుక్కుని ఉంటే చీకట్లో కనబడదు. ఆ ఒక్క తీగలో కరెంటు అట్లాగే ఉంటుంది. పక్కన ఎవరిదైనా జనరేటర్ నడుస్తుంటే వెనక్కి కూడా రావచ్చు.

ఇది రాయమన్నాడు, ఆయన చెప్పింది చెప్పినట్టు పెడుతున్నాను:

"ఫీజు పోయినా, వైరు తెగినా మీరు ముట్టుకోవద్దు. ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కవద్దు. కరెంటు బంద్ చేశామని ఎవరు చెప్పినా ఎక్కవద్దు. 1912కు ఫోన్ చేయండి, లేదా మీ లైన్‌మన్‌ను పిలవండి. తెగిపడిన వైరు దగ్గరికి పిల్లలను, పశువులను పోనివ్వవద్దు."

తీగ అనొద్దట. మా వైపు తీగ అంటే బట్టలు ఆరేసేది, బీరకాయ పాకేది. కరెంటుదైతే వైరు అంటేనే అందరికీ అర్థమవుతుందట.

నల్లగొండ డీటీపీ
తీసేశాను. తీగలన్నీ వైర్లు చేశాను. రైతులను పిలిచి చూపించి, లైన్‌మన్‌ల కోసం రాసినదంతా తీసేస్తే రెండు పేజీలది ఒక పేజీ అయింది, "లైన్" అనే మాట ఒక్కచోటే మిగిలింది, లైన్‌మన్‌లో. మీ నాయిన చెప్పిన ఐదు వాక్యాలు పైన పెద్ద అక్షరాల్లో, ఎర్ర రంగులో పెట్టాను. రంగుకు అయ్యే ఖర్చు వాళ్ల దగ్గర తీసుకోను. మెషిన్ ఇప్పుడే ఆన్ చేశాను, మొదటి కాపీ రేపు సాగర్ బస్సులో మీ నాయినకు పంపిస్తాను.